రెండు రంధ్రాల నడుమ తోలు

చి.ల.సౌ. మేనకోడలికి పెద్ద మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ పాలకొల్లులో అందరం క్షేమం. నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. నువ్వు భీమవరంలో చివరి ఏడాది ప్రాజెక్టుగా బరువులెత్తేవాళ్ళ బెల్టు కొత్తగా తయారు చేయబోతున్నావనీ, అది నడుము మీద కదలకుండా నిలుస్తుందనీ, ఎవరి కొలతకు కావాలంటే ఆ కొలతకు సర్దుకుంటుందనీ చెప్పింది. జట్కా జీనులూ ఎడ్ల పట్టెడలూ కుట్టిన మా నాన్న ఆరె, అదే తోలు కుట్టే ఆ మొనదేలిన పనిముట్టు, మూడో తరంలో ఒక ఆడపిల్ల చేతికి వెళుతుందని నేను కలలో కూడా అనుకోలేదు కనుక మొదట చాలా సంతోషించాను. ఆ తరువాత "సర్దుకుంటుంది" అన్న మాట దగ్గర మనసు ఆగిపోయి, తెల్లవారేదాకా కన్ను మూతపడలేదు.

మామూలు సంగతులు త్వరగా చెప్పేస్తాను. తంగేడు చెక్కతోనో కరక్కాయతోనో పదును చేసిన గట్టి తోలు తీసుకో. క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు మెత్తగా ఉండి సాగుతుంది. పశువు వెన్ను వైపు ముక్కనే కోయి, పొట్ట వైపు ముక్క ఎంత చౌకగా ఇచ్చినా వద్దు. లోపలి వైపు గరుకు తోలు ఉంటే చెమట పట్టిన బనీను మీద జారదు. రెండు పొరలూ జిగురుతో అతికించి, మైనం పట్టించిన దారంతో రెండు సూదుల కుట్టు వెయ్యి, ఒక పోగు తెగినా మిగతా కుట్టు విడిపోదు. అంతర్జాతీయ పోటీల నిబంధనల ప్రకారం ఒలింపిక్ పద్ధతి వెయిట్‌లిఫ్టింగులో బెల్టు వెడల్పు 120 మిల్లీమీటర్లు మించకూడదు. పవర్‌లిఫ్టింగులో వెడల్పు 10 సెంటీమీటర్లు, మందం 13 మిల్లీమీటర్లు మించకూడదు, లోపల మెత్త పెట్టనే కూడదు.

బెల్టు వెన్నును పట్టి నిలబెడుతుందని చాలామంది అనుకుంటారు, అసలు సంగతి అది కాదు. ఊపిరి నిండా తీసి బిగబట్టినప్పుడు పొట్ట ముందుకూ పక్కలకూ తోసుకువస్తుంది. బెల్టు ఆ తోపుకు అడ్డంగా నిలిచే గోడ. గోడ కదలకపోతేనే కడుపులో ఒత్తిడి పెరిగి మొండెం బిగుసుకుంటుంది. మన రైసుమిల్లు హమాలీలు బస్తా కిందికి దూరేముందు దట్టి బిగించి ఊపిరి పట్టేది ఇందుకే. కాబట్టి నువ్వు "స్థిరం" అన్నప్పుడు జారకపోవడం ఒక్కటే చూడకు, బరువు మధ్యలో వెంట్రుకవాసి కూడా వదులు కాకపోవడం అంతకన్నా ముఖ్యం. ఈ మాట నేను ఊరికే అనడం లేదు.

1989లో నేను వ్యాయామశాలకు వెళుతూ, పగలు మా నాన్న దుకాణంలో తోలు పని చేసేవాణ్ణి. మీ నాన్న మా అందరికన్నా చిన్నవాడు, ఇంకా మన ఇంటి అల్లుడు కాలేదు. 67.5 కిలోల విభాగంలో నిలవడానికి తిండి తగ్గించేవాడు, తూకం కాగానే కడుపునిండా తినేవాడు. అందువల్ల అతని బెల్టు ఒక రంధ్రానికి వదులయ్యేది, తరువాతి రంధ్రానికి ఊపిరాడేది కాదు. "అన్నా, మధ్యలో ఒకటి కొట్టి పెట్టవా" అని అడిగాడు. రంధ్రాలు అంగుళానికొకటి ఉన్నాయి. నేను మధ్యలో ఒకటి కొట్టి ఊరుకోలేదు, నా పనితనం చూపించుకోవాలని ప్రతి రెండింటి మధ్యా ఒకటి కొట్టాను. బకిల్ నాలుక దూరడానికి రంధ్రం ఏడు మిల్లీమీటర్లు. ఇక రంధ్రానికీ రంధ్రానికీ నడుమ మిగిలిన తోలు ఎంతో నువ్వే లెక్క వేసుకో. ఆరు మిల్లీమీటర్లు కూడా లేదు. అది చాలక, ఆషాఢపు ముసురులో తడిసి ఆరి బిరుసెక్కిన తోలు వంగడం లేదని కొబ్బరినూనె పట్టించి రెండు రాత్రులు నాననిచ్చాను. బెల్టు పట్టుగుడ్డలా వంగింది. అందరూ మెచ్చుకున్నారు, నేనూ పొంగిపోయాను.

పది రోజులు ఏమీ కాలేదు. తణుకులో పోటీ రోజున 105 కిలోలు భుజాల మీదికి తీసుకుని, కూర్చున్న చోటినుండి లేస్తుండగా తడిగుడ్డ చిరిగిన చప్పుడు వినిపించింది. నాలుక ఒక రంధ్రంలోంచి పక్క రంధ్రంలోకి తోలును చీల్చుకుంటూ పోయింది. బెల్టు వదులైంది అరంగుళమే. ఆ అరంగుళానికే బిగబట్టిన ఊపిరి చెదిరింది, మొండెం ముందుకు మడత పడింది, బరువు కింద పడింది. మీ నాన్న కూడా కూలబడి, నా వైపు చూసి నవ్వడానికి ప్రయత్నించాడు. నాలుగు నెలలు బల్ల మీద పడుకున్నాడు. ఆ ఏడాది పోలీసు ఉద్యోగపు దేహదారుఢ్య పరీక్షకు వెళ్ళలేకపోయాడు. పెళ్ళిళ్ళలో బంతిలో కింద కూర్చోకుండా కుర్చీ ఎందుకు అడుగుతాడని నువ్వు చిన్నప్పుడు అడిగితే, కాలవ రేవులో జారిపడ్డానని చెప్పాడు. ఆ అబద్ధం నా కోసం ఆడినది. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచినప్పుడు ఇంట్లో అందరం కేకలు వేస్తుంటే, అతని చేయి తనకు తెలియకుండానే నడుము మీదికి పోయింది. నేను చూశాను.

కాబట్టి తల్లీ, నీ సర్దుబాటంతా తోలులో పెట్టకు, లోహంలో పెట్టు. తోలులో రంధ్రాలు అంగుళానికొకటే ఉండనీ. బకిల్‌ను కుట్టేయకుండా ఒక పలక మీద అమర్చి, ఆ పలకను అరంగుళం అటూ ఇటూ జరిపి పిన్నుతో నిలిపేలా గాడులు చెయ్యి. తోలు చెక్కు చెదరదు, కొలతలు రెట్టింపవుతాయి. ఇప్పుడు దొరికే, మీట నొక్కి బిగించే లివర్ బెల్టుల్లో చాలావాటికి కొలత మార్చాలంటే స్క్రూ డ్రైవరు కావాలి. చేత్తో జరిగేది చేశావంటే అది నీ గొప్పే. అయితే లాగుడు పెరిగినకొద్దీ పిన్ను గాడిలోకి ఇంకా గట్టిగా కూర్చోవాలి తప్ప పైకి లేవకూడదు. పలకను ఒక్క వరుస రివెట్లతో సరిపెట్టకు. బరువు పైకి తీసేటప్పుడు రాడ్డు పొట్టను ఒరుసుకుంటూ వస్తుంది కనుక పలక ఎత్తుగా ఉండకూడదు, అంచులు గుండ్రంగా అరగదీయాలి. మన ఉప్పుగాలికి మెరుగుపూత వేసిన ఇనుము రెండు వర్షాకాలాలు ఆగదు, స్టెయిన్‌లెస్ స్టీలు వాడు. వెల్‌క్రో మాట ఎత్తవద్దు. చెమట, నూలుపోగులు చేరితే దాని పట్టు ఎంతో నీ పాత స్కూలు సంచీని అడుగు.

ఎంత చదువుకున్నా తోలుకు నీ కంప్యూటరు గీతలు తెలియవు. మోకును నేల మీద నిలబడి లాగి చూసుకోకుండా గీత కార్మికుడు తాడిచెట్టు ఎక్కడు. నువ్వు లెక్క కట్టిన లాగుడుకు మూడింతలు ఇసుక బస్తాలు వేలాడదీసి, పొడిగా ఒకసారి, ఉప్పునీటిలో తడిపి ఒకసారి పరీక్షించు. అంతవరకు ఏ మనిషి నడుముకూ చుట్టవద్దు, ముఖ్యంగా నీ నడుముకు. కోప్పడుతున్నానని అనుకోకు. నువ్వు పుట్టిన రోజు నిన్ను రెండు చేతుల మీద పట్టుకున్నప్పుడు కూడా నా చేతులు ఇలాగే వణికాయి.

పరగడుపునా, భోజనం అయ్యాకా, ఊపిరి బిగబట్టీ, వదిలీ నడుము కొలతలు నాలుగూ రాసి పంపించు. రంధ్రాలు కొట్టే పంచూ, ఆరే శనివారం బస్సులో పంపుతున్నాను. అదే సంచిలో పాత గుడ్డలో చుట్టిన బెల్టు ముక్క ఉంటుంది. రెండు రంధ్రాలు కలిసిపోయిన చోట వేలు పెట్టి చూడు. దాన్ని మీ నాన్న ఇంట్లో లేనప్పుడే విప్పు.

ఇట్లు,
మీ పెద్ద మామయ్య