పాకాలకు వచ్చే జనాన్ని లెక్కపెడితే అడవికి జరిగే నష్టం తెలుస్తుందా?

పీజీ ప్రాజెక్టు కోసం వరంగల్ జిల్లాలోని పాకాల అభయారణ్యం గేటు దగ్గర టికెట్ల లెక్క తీసుకుంటే పర్యాటకుల వల్ల ఆ అడవికి ఎంత నష్టమో చెప్పొచ్చా అని అడిగారు. ఆ ఒక్క లెక్కతో చెప్పలేరు. మాది నర్సంపేట దగ్గరి ఊరు. కాలేజీలో ఉన్నప్పుడు ఇలాంటి సర్వేకే వాలంటీరుగా వెళ్లి, పాకాల చెరువు కట్ట మీద నిలబడి, వచ్చినవాళ్లతో ఫారాలు నింపించాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

వందల మంది వచ్చి కట్ట మీద నడిచి, చెరువు చూసి వెళ్లిపోతే అడవికి పెద్దగా ఏమీ కాదు. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో కట్టిన కట్ట అది. అదే పది మంది కట్ట దిగి, అంతవరకూ ఎవరూ తొక్కని చోట పొయ్యి పెట్టి దావత్ చేసుకుంటే నష్టం అక్కడ మొదలవుతుంది. గడ్డి, చిన్న మొలకలు పోతాయి. నేల గట్టిపడి వాన నీళ్లు ఇంకవు. చాలాచోట్ల మొదట తొక్కిన కొద్దిమంది వల్లే ఎక్కువ చెడుతుంది, తర్వాత ఎంతమంది నడిచినా అదనంగా చెడేది తక్కువ. కాబట్టి రద్దీ ఉన్నచోట జనాన్ని నాలుగు దిక్కులా పంపడం కంటే ఒకే బాట మీద నడిపించడం మేలు. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు.

కాలాన్ని కూడా చూడండి. కార్తీక వనభోజనాలకు వచ్చే గుంపు వదిలేసేది ఎక్కువగా ప్లేట్లు, గ్లాసులు, మిగిలిన అన్నం. ఆ అన్నానికి కోతులు అలవాటు పడతాయి. అంతే జనం ఏప్రిల్‌లో వస్తే సంగతి వేరు. ఎండిన ఆకుల మీద ఒక్క బీడీ ముక్క పడినా చాలు. వాగులు ఎండిపోయి జంతువులు సాయంత్రం చెరువుకే రావాలి, ఆ వేళకు ఒడ్డున పాటలు మోగుతుంటే అవి నీళ్ల దాకా రావు.

ఇక ఫారాల విషయం. మేం అడిగినవాళ్లలో దాదాపు అందరూ "బాగుంది" అన్నారు. బాగాలేదనుకున్నవాళ్లు అప్పటికే రావడం మానేశారు కదా! మా ఊళ్లో పక్షులు చూసే మాస్టారు ఒకరు ఆదివారాల గోల భరించలేక అటు వెళ్లడమే మానుకున్నారు. అలాంటివాళ్లు గేటు దగ్గర దొరకరు, ఊళ్లలో వెతికి అడగాలి. పశువులు కాసేవాళ్లను, ఇప్పపువ్వు ఏరేవాళ్లను కూడా అడగండి. ఏది మారిందో వాళ్లకు బాగా తెలుసు.

"ఎంతమందిని రానివ్వాలి" అనే ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఎంత మార్పు వరకు ఒప్పుకోవచ్చు అన్నది ముందు తేల్చాలని అమెరికా అటవీ శాఖ పరిశోధకులు 1985లోనే ఒక పద్ధతి రాశారు. కవ్వాల్ లాంటి పులుల అభయారణ్యాలకు 2012లో వచ్చిన జాతీయ మార్గదర్శకాలు కూడా కోర్ ప్రాంతంలో, అంటే పులుల కోసమే కేటాయించిన లోపలి అడవిలో, 20 శాతానికి మించి పర్యాటకం ఉండకూడదని స్థలానికి హద్దు పెట్టాయి.

మేడారం జాతరను మాత్రం ఇందులో కలపొద్దు. అది ఏటూరునాగారం అభయారణ్యంలో రెండేళ్లకోసారి జరిగే మొక్కుల జాతర, దాన్ని సగటులో వేస్తే మీ లెక్కంతా చెడిపోతుంది.

పని విషయానికొస్తే, జనం బాగా తిరిగే చోట్లు కొన్ని, అసలు తిరగనివి కొన్ని ఎంచుకోండి. నెలనెలా అదే చోట నిలబడి ఫోటో తీయండి, గడ్డి లేని నేల ఎంతుందో టేపుతో కొలవండి. అభయారణ్యం లోపల అధ్యయనానికి 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి కావాలి. దరఖాస్తు ఇప్పుడే పెట్టండి, కాగితం చేతికొచ్చేసరికి సెమిస్టర్ సగం అయిపోవచ్చు.