శాంపిల్ తీసేముందు ఒక మాట

అమ్మాయీ,

డిప్రెషన్‌తో బాధపడేవాళ్ల రక్తంలో బీడీఎన్ఎఫ్‌నీ మైక్రో ఆర్ఎన్ఏలనీ కలిపి కొలుస్తానన్నావు. చాలా సంతోషం. కాకపోతే ఫ్రీజర్ నింపే తొందరలో పడకు.

ఆ రెంటికీ ఉన్న ముడి నీకు తెలుసు. బీడీఎన్ఎఫ్ నాడీకణాలను బతికించే, వాటి కొమ్మలు పెంచే ప్రోటీన్. మైక్రో ఆర్ఎన్ఏ సుమారు 22 అక్షరాల చిన్న ఆర్ఎన్ఏ ముక్క, ప్రోటీన్ తయారీని అణిచిపెడుతుంది. 2006లో ఎలుక మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగం కణాల్లో తేలిన సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మిర్-134 అనే మైక్రో ఆర్ఎన్ఏ లిమ్‌కే1 ప్రోటీన్ తయారు కాకుండా ఆపి డెండ్రైట్ల (నాడీకణం కొమ్మల) మీది బొడిపెలను ఎదగనివ్వదు. బీడీఎన్ఎఫ్ వచ్చి తగిలితే ఆ పట్టు సడలుతుంది. మిర్-132ని మాత్రం బీడీఎన్ఎఫే పెంచుతుంది. ఆల్జీమర్స్ వచ్చినవాళ్ల మెదడులో అది తగ్గి కనిపించింది. అందుకే రెండూ కలిపి చూడమంటాను.

ఇక ట్యూబు సంగతి. సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో, నువ్వు కొలిచే బీడీఎన్ఎఫ్‌లో ఎక్కువ భాగం, రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు వదిలిందే. మా ల్యాబ్‌లో ఒకసారి రోగుల ట్యూబులు ఓపీ రద్దీలో గంటన్నర బల్లమీదే ఉండిపోయాయి, ఆరోగ్యవంతులవి అరగంటకే, గిర్రున తిప్పి ద్రవాన్ని వేరుచేసే సెంట్రిఫ్యూజ్‌లోకి వెళ్లాయి. పెద్ద తేడా వచ్చిందని సంబరపడ్డాం. నెల తర్వాత రిజిస్టర్ తిరగేస్తే ఆ తేడా జబ్బుది కాదు, ట్యూబులు ఆగిన టైముదని బయటపడింది. అంత బాధలో ఉండి కూడా మమ్మల్ని నమ్మి చేయి చాపినవాళ్ల రక్తం వృథా చేశాం. ఆ దిగులు నాకింకా పోలేదు. కాబట్టి సూది తీసిన టైమూ, సెంట్రిఫ్యూజ్‌లో పెట్టిన టైమూ ప్రతి ట్యూబుకీ రాయి. అందరికీ ఒకే వ్యవధి ఉండాలి.

మైక్రో ఆర్ఎన్ఏకి, రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబే వాడు. గడ్డకట్టకుండా వేసే ఇంకో మందు హెపారిన్, మైక్రో ఆర్ఎన్ఏని కొలిచే పీసీఆర్‌ను చెడగొడుతుంది. ప్లాస్మా (కణాలు తీసేశాక మిగిలే ద్రవం) గులాబీ రంగులోకి తిరిగితే పక్కన పెట్టెయ్. మిర్-451, మిర్-16 ఎర్రకణాల్లో దండిగా ఉంటాయి, కణాలు పగిలితే లెక్కంతా తారుమారవుతుంది. కంటికి ఆనకపోయినా 414 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుంటోందో ఒకసారి చూసుకో, హిమోగ్లోబిన్ ఉంటే తెలిసిపోతుంది.

డిప్రెషన్ మాత్రలు ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారో తప్పకుండా అడుగు, మందులతో బీడీఎన్ఎఫ్ మారుతుంది. ఇంకొకటి, రక్తంలో కనిపించిందల్లా మెదడులోనూ ఉందని రాయకు. రక్తం చూసి జబ్బు చెప్పేస్తామని రోగుల ఇంటివాళ్లకు ఆశ పెట్టకు తల్లీ, వాళ్లు ఆ మాటే పట్టుకుని కూర్చుంటారు.

మొదటి పది ట్యూబుల రిజిస్టర్ పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు, చూస్తాను.

పెదనాన్న