పన్నెండో విస్తరి

అమ్మడూ, దొడ్డమ్మ ఆశీస్సులు.

నిన్న నీ ఫోన్ పెట్టేశాక మీ పెదనాన్న “ఏమంటోంది పిల్ల?” అని అడిగారు. “అక్టోబర్ 16 ప్రపంచ ఆహార దినోత్సవమట. ఊళ్ళో ఆకలి మీద కార్యక్రమం చేస్తుందట, ఎలా చెయ్యాలో చెప్పమంటోంది” అన్నాను. “ముందు ఫ్లెక్సీ వద్దని చెప్పు” అన్నారు, పేపర్లోంచి తలెత్తకుండా. నువ్వు చదివిన లిస్టు నేను ఒక చీటీ మీద రాసుకున్నాను. రెండు ఫ్లెక్సీలు, ర్యాలీకి టీషర్టులు, సెల్ఫీ పాయింటు, ముఖ్య అతిథికి శాలువా, మైకు. అంతా బాగానే ఉంది కానీ అందులో బియ్యం ఎక్కడా లేవు.

నిన్ను తప్పు పట్టడం లేదు. పాతికేళ్ళ కిందట నేనూ అంతే. బళ్ళో పని చేస్తూ మహిళా సంఘం లెక్కలు చూసేదాన్ని. ఊళ్ళో పదిమంది ముసలివాళ్ళని స్టేజీ మీదకి పిలిచి, తలా పదికిలోల బియ్యం సంచి ఇప్పించాం. మా చేలో నలభయ్యేళ్ళు నాట్లు వేసిన ఆవిడ కూడా వాళ్ళలో ఉంది. ఫొటో సరిగ్గా రాలేదని ఫొటోగ్రాఫర్ ఆవిడ చేత ఆ సంచి మూడుసార్లు అందుకునేలా చేశాడు. ఆవిడ మూడుసార్లూ నవ్వింది. మరుసటి ఏడు కబురు పెడితే రాలేదు. ఇంటికి వెళ్ళి అడిగాను. “బియ్యం మంచివేనమ్మా, ఆ ఫొటోయే అరగలేదు” అంది. అప్పట్నుంచీ నేను చేసిన ఏ కార్యక్రమంలోనూ పుచ్చుకునేవాళ్ళు స్టేజీ ఎక్కలేదు. ఇచ్చేవాళ్ళూ ఎక్కలేదులే. అందుకని కొంతమంది దాతలు అలిగారు కూడా.

డొక్కా సీతమ్మ గారి సంగతి మీ పిల్లలకి ఎలాగూ చెబుతావు. లంకల గన్నవరంలో రాత్రీ పగలూ లేకుండా వచ్చినవాళ్ళకి వండి పెట్టిన తల్లి. 1909లో పోయారు. గన్నవరం అక్విడక్టుకీ ఆవిడ పేరే, ఇప్పుడు బళ్ళలో మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. ఇంగ్లాండు రాజు పట్టాభిషేకానికి పిలిస్తే వెళ్ళలేదనీ, ఫొటోకి కూడా మొదట ఒప్పుకోలేదనీ మన వైపు చెప్పుకుంటారు. ఆ ఫొటో ముక్క దగ్గర కొంచెం ఆగి చెప్పు. మీ కుర్రాళ్ళ చేతుల్లో ఫోన్లు ఉంటాయి కదా.

ఇక అసలు పని. కార్యక్రమానికి నెల ముందు ఊరు తిరుగు. “డెల్టాలో ఆకలేంటమ్మా, ధాన్యాగారం కదా” అని రామాలయం అరుగు మీద ఎవరో ఒకరు అననే అంటారు. వాదించకు. అంగన్‌వాడీ టీచర్ని, ఆశా కార్యకర్తని, రేషన్ డీలర్ని విడివిడిగా కలువు. ముగ్గురినీ ఒకచోట కూర్చోబెడితే ఎవరూ ఏమీ చెప్పరు. ఏ ఇంట్లో పిల్ల బరువు పెరగడం లేదో టీచర్‌కి తెలుసు. వేలిముద్ర పడక బియ్యం అందని ముసలాయన ఎవరో డీలర్‌కి తెలుసు. ఏ బాలింత పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటోందో ఆశాకి తెలుసు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని తేలింది. ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత. మన ఆకలి కడుపు మాడే ఆకలి కాదమ్మా. అన్నం ఉంటుంది, పక్కన పప్పు ఉండదు, ఆకుకూర ఉండదు, గుడ్డు ఉండదు. అందుకే అది బయటికి కనపడదు.

అరుగు మీద పెద్దమనిషికి ఒక్క మాట మాత్రం గుర్తు చెయ్యి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యేదాకా ఇదీ కరువు చూసిన నేలే. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో వచ్చిన కరువుని మా ముత్తవ్వ తన ముత్తవ్వ చెప్పిందని చెప్పేది. అంత వెనక్కి ఎందుకు, 2011లో కోనసీమ రైతులు సార్వా, అంటే వానాకాలం వరి, ఊడ్చకుండా క్రాప్ హాలిడే ప్రకటించారు. పండించడానికయ్యే ఖర్చు ధరలో రావడం లేదని. అన్నం పెట్టేవాడే పండించనన్నాడంటే ఆకలి కథలో అదీ ఒక భాగమే.

ప్రపంచం సంగతి ఎలా చెప్పాలని అడిగావు. ఇదే కష్టమైన ముక్క, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువే రాస్తాను. 2024లో లోకంలో 67 కోట్ల 30 లక్షల మంది ఆకలితో ఉన్నారని ఐక్యరాజ్యసమితి లెక్క. ఈ అంకె మైకులో చదివితే ఎవరికీ ఏమీ అనిపించదు. కోటి దాటితే మనవాళ్ళకి అన్నీ ఒకటే. కానీ అది వందకి 8.2 మంది, అంటే దాదాపు పన్నెండు మందికి ఒకరు. దీన్ని నోటితో చెప్పకు. ఆ రోజు అందరికీ ఒకే బంతిలో భోజనం పెట్టు, ఆ బంతిలో చూపించు.

మూడేళ్ళ కిందట పక్క ఊళ్ళో మేము చేసింది ఇది. బంతి భోజనాలకి విస్తళ్ళు వేసేటప్పుడు ప్రతి పన్నెండో విస్తరి ఖాళీగా వదిలేశాం. మనిషి లేడు, వడ్డన లేదు. ఆ సందు కూడా మూసెయ్యలేదు. పప్పు వడ్డించేవాడికి ముందే చెప్పాం, అక్కడికి రాగానే ఒక్క క్షణం ఆగి దాటిపొమ్మని. మొదట ఎవరూ పట్టించుకోలేదు. గరిటె మూడోసారి ఆగినప్పుడు ఒక ఆరో తరగతి పిల్లాడు “ఈ ఆకు ఎవరిదండీ? ఇంకా రాలేదా?” అన్నాడు. నేను సమాధానం చెప్పలేదు. వాళ్ళ నాన్నే చెప్పాడు. ఆ బంతిలో ఎవరి విస్తట్లోనూ అన్నం మిగల్లేదు.

ఒక చిక్కు వస్తుంది, ముందే చెబుతున్నాను. ఖాళీ విస్తరి వెయ్యడం అశుభమని, తద్దినం గుర్తొస్తుందని పెద్దవాళ్ళు అభ్యంతరం చెబుతారు. మాకూ వచ్చింది. పురోహితుడు గారి దగ్గరికి వెళ్ళి అడిగితే “విస్తరి తీసెయ్యండి, మంచినీళ్ళ గ్లాసు ఒక్కటీ పెట్టండి, దాహానికి దోషం లేదు” అన్నారు. తర్వాత అలాగే చేశాం. నిజం చెప్పాలంటే గ్లాసుకన్నా విస్తరే బాగా పని చేసింది, కానీ ఊళ్ళో గొడవకన్నా గ్లాసు నయం. మీ ఊళ్ళో ఎవరి మాట చెల్లుతుందో వాళ్ళని ముందే అడుగు.

తిన్నాక ఐదు నిమిషాలు మాట్లాడు. అంతకు మించి వద్దు, పెరుగన్నం తిన్నవాడికి ఉపన్యాసం ఎక్కదు. రెండే సంగతులు చెప్పు. ఒకటి, 2024 ఆగస్టులో సూడాన్‌లో జమ్‌జమ్ అనే నిర్వాసితుల శిబిరంలో కరువు ఉందని నిపుణులు తేల్చి చెప్పారు. వానలు లేక కాదు, 2023 ఏప్రిల్ నుంచి సాగుతున్న యుద్ధం వల్ల. రెండోది మన సొంత సంగతి. కాకినాడ రేవులో ఓడలకెక్కే బియ్యంలో చాలా భాగం ఆఫ్రికా దేశాలకి వెళ్తుంది. 2023 జూలైలో కేంద్రం తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది, ఇక్కడ ధర పెరగకూడదని. మరుసటి నెలకే ప్రపంచ మార్కెట్లో బియ్యం ధర పదిహేనేళ్ళలో ఎప్పుడూ లేనంత పైకి వెళ్ళింది. 2024 సెప్టెంబర్‌లో ఆ నిషేధం ఎత్తేశారు. నిషేధం తప్పా ఒప్పా అన్నది నువ్వు తేల్చనక్కర్లేదు. మన చేలో గింజకీ ఎక్కడో సముద్రం అవతల ఇంట్లో ఎసరుకీ లంకె ఉందని తెలిస్తే చాలు. మన రైతులకి ఇది చిటికెలో అర్థమవుతుంది. ఆ నిషేధం రోజుల్లో మిల్లర్ ఏం ధర చెప్పాడో వాళ్ళకి ఇంకా గుర్తే.

ఒకే బంతి అన్నది ఎందుకంత పట్టుగా చెబుతున్నానో నీకు తెలియదు, అప్పటికి నువ్వు పుట్టలేదు. 1996 నవంబర్ 6 రాత్రి తుపాను. తెల్లారేసరికి కొబ్బరి చెట్లన్నీ తలలు తెగి ఉన్నాయి. మా బడి ఒక్కటే డాబా, ఊరంతా అక్కడికే చేరింది. రెండు రోజులు రాలిన బొండాలే తిండి. మూడో రోజు ఎవరింట్లోనో తడిసిన బియ్యం బస్తా దొరికితే గుండిగలో గంజి కాచాం. ఆ బియ్యానికి ముక్కవాసన. పది ఎకరాల ఆసామీ, ఆయన పాలేరూ ఒకే వరండాలో పక్కపక్కన కూర్చుని కొబ్బరి చిప్పల్లో తాగారు. ఆసామీ రెండోసారి అడగడానికి సిగ్గుపడుతుంటే పాలేరే “ఇంకో గరిటె పొయ్యండమ్మా అయ్యగారికి” అన్నాడు. నీళ్ళు తీశాక మళ్ళీ ఎవరి బంతి వాళ్ళదే అయిందనుకో. కానీ నేను చూశాను కదా.

బియ్యానికి చందాలు వసూలు చెయ్యకు, పిడికెడు బియ్యం అడుగు. మా అమ్మ వాళ్ళ కాలంలో ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేసేవాళ్ళు. ఆ కుండ మళ్ళీ పెట్టించు. పిడికెడు అంటే సుమారు యాభై గ్రాములు. రెండొందల ఇళ్ళు, ముప్పై రోజులు, లెక్క కట్టు: మూడొందల కిలోలు. అందరూ వెయ్యరు, సగమే వచ్చిందనుకో, నూటయాభై. మూడొందల మందికి ఒక పూట అన్నానికి యాభై కిలోలు చాలు, కిలోకి ఆరుగురు చొప్పున. మిగిలింది నువ్వు ఊరు తిరిగి కనుక్కున్న ఆ ఇళ్ళకి చీకటి పడ్డాక వెళ్తుంది. వాళ్ళ కుండా ఇందులో ఉండాలి సుమా, పిడికెడు అడగకుండా వాళ్ళని వదిలెయ్యకు. మొదటిసారి నేను వదిలేశాను, “మమ్మల్ని అడగలేదేం” అని నిలదీశారు.

డబ్బు రూపంలో ఎవరైనా ఇస్తే రసీదు పుస్తకం పెట్టు, మర్నాడే లెక్క పంచాయతీ బోర్డు మీద అంటించు. బయట దేశాలకి బియ్యం పంపిద్దామని ఎవరో ఉత్సాహపడతారు. రవాణాకే బియ్యం ఖరీదంతా పోతుంది, వద్దు. పంపాలనుకుంటే డబ్బే పంపాలి, అదీ ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం లాంటి చోటికి. 2020లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది దానికే.

తూకం ఒకటి పెట్టించు. చేతులు కడుక్కునే చోట ఒక బకెట్, పక్కన బియ్యం కొట్టు కాటా. విస్తట్లో మిగిలింది అందులో వేసి పోవాలి. ఎంగిలి తూచడమేంటని మొహం చిట్లిస్తారు, కాబట్టి చేతికి తొడుగులు వేసుకుని మొదట నువ్వే నిలబడు. మేము మొదటిసారి పెట్టినప్పుడు పదకొండు కిలోలు తేలింది. ఒక పిల్ల సుద్దముక్కతో నేల మీదే లెక్క కట్టి “ఇరవైనాలుగు మంది తినేదండీ” అంది. ఎవర్నీ తిట్టలేదు, అంకె చదివి ఊరుకున్నాం. “గేదెలు తింటాయిగా, వృథా ఎక్కడ” అన్నాడు ఒకాయన. నిజమే, గేదెలు తిన్నాయి. కానీ లోకం మొత్తం మీద 2022లో 105 కోట్ల టన్నుల తిండి పారేశారు, అందులో అరవై శాతం ఇళ్ళల్లోంచే. అన్ని గేదెలు ఎక్కడున్నాయి?

పెళ్ళిళ్ళలో మిగిలింది తెచ్చి పంచుదామని నీ ఫ్రెండు అన్నాడన్నావు. మంచి ఆలోచనే, నాకు మాత్రం భయం. ఒకసారి రాత్రి పదకొండింటికి కల్యాణ మండపం నుంచి తెచ్చిన పప్పు, కొబ్బరి పచ్చడి పొద్దున్నే పంచాం. పులిసిందని నాకు తెలుసు, కొంచెమేలే అనుకున్నాను. ఇద్దరు పిల్లలకి వాంతులు. పెద్ద ప్రమాదం కాలేదు గానీ ఆ రోజు నేను పడ్డ టెన్షన్ నీకొద్దు. వండిన రెండు గంటల్లో తినిపించగలిగితే తీసుకో. కొబ్బరి, పెరుగు కలిసినవి అసలు ముట్టుకోకు. పేదవాడికి పాచిది ఇవ్వచ్చని ఏ శాస్త్రంలోనూ లేదు.

ఇంకా చిన్న చిన్నవి. పగలు పెట్టకు, కూలికి వెళ్ళేవాళ్ళకి రోజు పోతుంది. సాయంత్రం ఆరు దాటాక మొదలుపెట్టు. అక్టోబర్ కదా, షామియానా నమ్ముకోకు, బడి వరండా అడిగి పెట్టుకో. వంట నాలుగు రకాలు చాలు: ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, తోటకూర వేపుడు, మజ్జిగ. గుడ్డు తినే పిల్లలకి గుడ్డు. స్వీటు వద్దు, స్వీటు ఉంటే జనం దాని గురించే మాట్లాడుకుంటారు. ముఖ్య అతిథి తప్పదంటే ఆయన్ని బంతి మధ్యలో కూర్చోబెట్టు, మూలన కాదు. శాలువా ఖర్చుతో కందిపప్పు కొను.

రామాలయం గుండిగలు ముందురోజే తోమించి ఎండబెట్టు, కిందటిసారి అడుగున మసి ఉండిపోయింది. నేను పదిహేనో తారీఖు మధ్యాహ్నం బస్సుకి వస్తాను. బంతి చివర నాకొక కుర్చీ వేయించు, ఈ మోకాళ్ళతో కింద కూర్చోలేను.

నీ దొడ్డమ్మ