సిగరెట్ మానేశాడా, ఇంకా కాలుస్తున్నాడా?

అమ్మలూ,

ఇంగ్లండ్‌లో నర్సు ఉద్యోగం కోసం ఓఈటీకి, అదే వైద్యరంగం వాళ్లకు పెట్టే ఇంగ్లిష్ పరీక్షకి, ఫీజు కట్టావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంటి ఆడపిల్ల అంత దూరం, అంత మంచి పని మీద వెళ్తోందంటే ఎంత పొంగిపోయానో చెప్పలేను. చలి, తిండి, ఒంటరితనం ఇవన్నీ నువ్వు తట్టుకుంటావు. నాకు బెంగ పట్టుకున్నది నువ్వు పంపిన ప్రాక్టీస్ లెటర్ చదివాక.

పరీక్ష సంగతి నీకు తెలిసిందే. రైటింగ్‌కి 45 నిమిషాలు, అందులో మొదటి 5 నిమిషాలు కేస్ నోట్స్, అంటే రోగి వివరాలు, చదవడానికే. లెటర్ 180 నుంచి 200 పదాలు. అక్కడి నర్సింగ్ కౌన్సిల్‌కి రైటింగ్‌లో సీ ప్లస్, మిగతా మూడింట్లో బీ కావాలి. అవి నీకు వస్తాయి.

నీ మూడో పేరా చూడు. ముందు "హి ఈజ్ స్మోకింగ్ సిన్స్ ట్వెంటీ ఇయర్స్" అని రాసి, కొట్టేసి, "హి స్మోక్డ్ ఫర్ ట్వెంటీ ఇయర్స్" అని దిద్దావు. మొదటిది తప్పని ఎవరైనా పట్టుకుంటారు. రెండోది వ్యాకరణానికి నిక్షేపంగా ఉంది, నన్ను భయపెట్టింది అదే. నోట్స్‌లో ఆ రోగి ఇప్పటికీ రోజుకు పది సిగరెట్లు కాలుస్తున్నాడు. నీ లెటర్ అందుకున్న డాక్టర్ మాత్రం ఆయన మానేశాడనుకుంటాడు. మానమని ఇక చెప్పేదెవరు? "హి హ్యాజ్ స్మోక్డ్ ఫర్ ట్వెంటీ ఇయర్స్" అని ఉండాలి. "హ్యాజ్ బీన్ స్మోకింగ్" అన్నా సరే.

తొమ్మిదో తరగతి నోట్సుల నుంచీ నీకు ఈ తప్పు అలాగే ఉండిపోయింది. ఎన్నిసార్లు చెప్పించుకుంటావే! సరే, కోప్పడను, ఎక్కడ పుడుతోందో విను. మనం "ఇరవై ఏళ్ల నుంచి కాలుస్తున్నాడు" అంటాం. "కాలుస్తున్నాడు"ని "ఈజ్ స్మోకింగ్" చేస్తావు, "నుంచి"ని "సిన్స్" చేస్తావు. మనకు 2012 నుంచి అన్నా, పదేళ్ల నుంచి అన్నా ఒకటే "నుంచి". ఇంగ్లిష్‌లో సిన్స్ పక్కన మొదలైన రోజో, ఏడాదో, సంఘటనో రావాలి: సిన్స్ 2012, సిన్స్ ద సర్జరీ. ఎంతకాలమో చెప్పాలంటే ఫర్: ఫర్ టెన్ ఇయర్స్. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతోందని చెప్పే బరువు హ్యావ్, హ్యాజ్‌ల మీద ఉంటుంది. అవి తీసేస్తే ఆ పని ముగిసిపోయినట్టే.

అందుకే ఫర్ కనబడగానే ప్రెజెంట్ పర్ఫెక్ట్, అంటే ఈ హ్యావ్, హ్యాజ్‌ల రూపం, పెట్టేయమనే కోచింగ్ సూత్రాన్ని నమ్మకు. "షి టుక్ మెట్‌ఫార్మిన్ ఫర్ సిక్స్ మంత్స్" అంటే ఆ షుగర్ మందు ఆపేసింది. "షి హ్యాజ్ టేకెన్ మెట్‌ఫార్మిన్ ఫర్ సిక్స్ మంత్స్" అంటే ఇంకా వేసుకుంటోంది. రెండింట్లోనూ ఫర్ ఉంది. ఏది రాయాలో నోట్స్‌లోని రోగి పరిస్థితి చెప్పాలి.

సిన్స్ లేకుండా, ఫలానా రోజున జరిగిందని తేదీ ఉంటే చిక్కే లేదు, సింపుల్ పాస్ట్, అంటే టుక్, గేవ్ లాంటి రూపం. "షి హ్యాజ్ బీన్ అడ్మిటెడ్ ఆన్ థర్డ్ మే" అనకూడదు, "వాజ్ అడ్మిటెడ్" అనాలి. యెస్టర్‌డే, లాస్ట్ వీక్, ఎగో ఉన్నా అంతే. ఐదేళ్ల క్రితం అనడానికి "బిఫోర్ ఫైవ్ ఇయర్స్" అని రాశావు, "ఫైవ్ ఇయర్స్ ఎగో" అని మార్చు. నిన్న జరిగినదానికి "ఐ హ్యాడ్ గివెన్" అనే అలవాటు కూడా వదిలెయ్, "ఐ గేవ్" చాలు.

షుగర్ ఉన్నవాళ్ల గురించి "హి ఈజ్ హ్యావింగ్ డయాబెటిస్" వద్దు. "హి వాజ్ డయాగ్నోస్డ్ విత్ డయాబెటిస్ ఇన్ 2012" అను, లేదా "హి హ్యాజ్ హ్యాడ్ డయాబెటిస్ సిన్స్ 2012" అను. హ్యాజ్ పక్కన హ్యాడ్ చూసి కంగారుపడి ఒకటి కొట్టెయ్యకు, రెండూ ఉండాల్సిందే. "హి హ్యాజ్ లివ్డ్ అలోన్ సిన్స్ హిజ్ వైఫ్ డైడ్ ఇన్ 2018" అన్న వాక్యం ఒకటి కంఠతా పట్టు. ఒంటరిగా ఉండటం ఇప్పటికీ ఉంది కనుక హ్యాజ్ లివ్డ్, భార్య పోవడం ఆనాటితో అయిపోయింది కనుక డైడ్.

స్పీకింగ్‌లో రోల్‌ప్లేలు రెండు. రోగిని అడిగే మొదటి ప్రశ్నకు తేదీ ఉండదు: "హ్యావ్ యు ఎవర్ హ్యాడ్ సర్జరీ?" అయిందంటే, ఆ క్షణం నుంచి సింపుల్ పాస్ట్‌లోకి దిగిపో: "వెన్ డిడ్ యు హ్యావ్ ఇట్? హౌ లాంగ్ డిడ్ యు స్టే ఇన్ హాస్పిటల్?" మనవాళ్లు ఇక్కడే "వెన్ హ్యావ్ యు హ్యాడ్" అనేస్తారు. ఎప్పుడు జరిగిందని వెన్‌తో అడిగేటప్పుడు ఆ "హ్యావ్ యు హ్యాడ్" కుదరదు.

పరీక్ష అయ్యాక వార్డులో ఇదంతా ఇంకా ముఖ్యం. డ్యూటీ మారేటప్పుడు "షి హ్యాజ్ హ్యాడ్ హర్ ఇన్సులిన్" అంటే ఇచ్చేశాం అని తెలుస్తుంది, ఎప్పుడన్నది తెలియదు. వెంటనే "ఐ గేవ్ ఇట్ ఎట్ ఎయిట్" అని చెప్పాలి. తర్వాతి డోసు వేళ దాన్నిబట్టే కదమ్మా. మంచం ఖాళీగా ఉంటే "హి హ్యాజ్ గాన్ టు ఎక్స్‌రే" అను, ఇంకా తిరిగి రాలేదని అర్థం. వెళ్లొచ్చేసి ఉంటే "హి హ్యాజ్ బీన్ టు ఎక్స్‌రే". "హ్యాజ్ వెంట్" అన్నది ఎక్కడా లేదు.

అమెరికన్ సీరియల్స్‌లో "ఐ జస్ట్ గేవ్ ఇట్" అంటుంటే విని తికమకపడకు, అది వాళ్ల వాడుక. నువ్వు వెళ్లేచోట "ఐ హ్యావ్ జస్ట్ గివెన్ ఇట్" ఎక్కువ వింటావు.

ఆ లెటర్ మళ్లీ రాయి. అయిపోయాక, జరిగినదాన్ని చెప్పే ప్రతి క్రియ కింద గీత గీసి, మార్జిన్‌లో "అయిపోయింది" అనో "ఇంకా ఉంది" అనో తెలుగులోనే రాసి, నోట్స్‌తో ఒక్కొక్కటీ సరిచూసుకో. రాత్రి డ్యూటీ దిగి నిద్రకళ్లతో మాత్రం కూర్చోకు, పడుకుని లేచాక రాయి. ఆదివారంలోగా ఫొటో తీసి పంపితే ఎర్ర సిరాతో దిద్ది పెడతాను.

ఆశీస్సులతో,
మీ మేనత్త