క్లినిక్ పెట్టకుండా పశువైద్యంలో బతకొచ్చా? మూడు చోట్ల పనిచేశాక నా జవాబు

మీ ప్రశ్న ఇది: "వెటర్నరీ చివరి సంవత్సరంలో ఉన్నాను. జంతువులంటే ప్రాణం. కానీ రోజంతా వాటి యజమానులతో మాట్లాడాలంటేనే టెన్షన్. క్లినిక్ పెట్టకుండా, మనుషులతో పెద్దగా పని పడకుండా ఈ చదువుతో ఏం చేయొచ్చు?"

క్లినిక్ పెట్టకుండా చేయగలిగినవి బోలెడున్నాయి. మనుషులతో పని పడనిది మాత్రం ఇరవయ్యేళ్లుగా చూస్తున్నా నాకింకా కనబడలేదు. మొదటి ఆరేళ్లు పాడిపశువుల వైద్యం చేశాను. తర్వాత నాలుగేళ్లు కుక్కలు, పిల్లుల క్లినిక్. అప్పటినుంచి పాథాలజీ, అంటే శవాన్నో ముక్కనో కోసి చూసి జబ్బేంటో తేల్చే పని. నా పేషెంట్లు చచ్చిపోయి వస్తాయి, లేదా ఫార్మలిన్ డబ్బాలో ముక్కలుగా వస్తాయి. ఇంతకంటే నిశ్శబ్దంగా ఉండే పేషెంట్లు ఇంకెవరికీ ఉండరు. అయినా పొద్దున్నుంచీ ఫోన్ మోగుతూనే ఉంటుంది.

అందుకే "ఏ జంతువంటే ఇష్టం" అన్న ప్రశ్నతో దారి ఎంచుకోవద్దని నా దగ్గరికొచ్చే పిల్లలకు చెబుతాను. రెండే చూసుకోండి. ఒకేసారి ఎన్ని ప్రాణాల గురించి ఆలోచించడం మీ బుర్రకు పడుతుంది? ఎదురుగా ఎలాంటి మనిషి ఉంటే మీరు తట్టుకోగలరు?

పాడిపశువుల పనితో మొదలుపెడతాను. నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే, నా నడుం విరగ్గొట్టిందీ అదే. ఈనలేక అవస్థపడుతున్న ఆవు దగ్గరికి అర్ధరాత్రి వెళ్తారు. ఎక్స్‌రే ఉండదు. భుజం దాకా చేయి లోపల పెట్టి, కళ్లు మూసుకుని, వేళ్లతోనే చూడాలి. ఒక కాలు తగులుతుంది. ముందు కాలా, వెనక కాలా? గిట్ట పైనున్న కీలు, దాని పై కీలు రెండూ ఒకే వైపు మడత పడితే ముందు కాలు. చెరో వైపు మడత పడితే వెనక కాలు. పుస్తకంలో ఇది ఒక్క లైను. నొప్పి వచ్చినప్పుడల్లా ఆవు మీ చేతిని నలిపేసి వేళ్లు మొద్దుబారిపోతుంటే ఆ ఒక్క లైనూ గుర్తుకు రాదు. పక్కన టార్చి పట్టుకున్న రైతు "దూడ బతికే ఉందా డాక్టరుగారూ?" అని అడుగుతూనే ఉంటాడు.

అదే పనిలో పండగలాంటి రోజులూ ఉంటాయి. ఈనిన ఒకటి రెండు రోజులకు పాలజ్వరం వస్తుంది. పేరుకే జ్వరం, నిజానికి ఒళ్లు చల్లబడుతుంది. మెడ వెనక్కి తిప్పి డొక్కకు ఆనించుకుని ఆవు చచ్చినట్టే పడి ఉంటుంది. రక్తంలో కాల్షియం పడిపోవడం దానికి కారణం. నరంలోకి కాల్షియం మెల్లగా ఎక్కించాలి. తొందరపడితే గుండె ఆగిపోతుంది కాబట్టి సీసా ఒకరికిచ్చి పట్టుకోమని, మీరు స్టెతస్కోపు పెట్టి గుండె చప్పుడు వింటూ కూర్చుంటారు. సీసా సగమయ్యేసరికి కండరాలు వణుకుతాయి. ఒక త్రేన్పు వస్తుంది. ముట్టె మీద చెమట బొట్లు మెరుస్తాయి. పేడ వేస్తుంది. కాసేపటికి లేచి నిలబడి దూడ కోసం చూస్తుంది. కళ్లెదుటే ఇంత తొందరగా గుణం చూపించే వైద్యం నేను ఇంకోటి చూడలేదు.

మరి ఎందుకు మానేశానంటే, నడుం ఒక కారణం, ఒక ఆవు ఇంకో కారణం. మేత తినడం లేదని పిలిచారు. కొంచెం జ్వరం, నెమరు లేదు. అజీర్తి అనుకుని మందిచ్చాను. నాలుగు రోజులు తేరుకుంది, మళ్లీ పడింది. యాంటీబయాటిక్ మార్చాను. మళ్లీ తేరుకుంది, మళ్లీ పడింది. ముందు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడుతోందని, పల్లంలోకి దిగమంటే మొండికేస్తోందని రైతు చెబుతూనే ఉన్నాడు. విన్నాను గానీ పట్టించుకోలేదు. గంగడోలుకు నీరు దిగాక గానీ నాకు వెలగలేదు. అప్పటికే చేయి దాటిపోయింది. చచ్చిపోయాక మా సీనియర్ కోసి చూపించారు. గుండె చుట్టూ ఉండే సంచి నిండా చీము. అందులోంచి వేలెడంత తుప్పుపట్టిన తీగ తీసి, ఏమీ అనకుండా నా అరచేతిలో పెట్టారు.

ఆవు మేతను సరిగ్గా నమలకుండానే మింగేస్తుంది. మేతలో కలిసిన తీగో మేకో తేనెపట్టులా గదులు గదులుగా ఉండే రెండో పొట్టలో చిక్కుకుంటుంది. ఆ పొట్టకీ గుండెకీ మధ్య ఉన్నది పలచటి కండరపు పొర. పొట్ట ముడుచుకున్నప్పుడల్లా తీగ కొంచెం ముందుకు గుచ్చుకుంటుంది. కొందరు పశువుల చేత ముందుజాగ్రత్తగా అయస్కాంతం మింగించేది ఇందుకే. ఆ తీగ ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది. ఆవు రోగం రైతుకు పేరు తెలియదంతే, లక్షణాలన్నీ పొల్లుపోకుండా చెప్పాడు. వినాల్సింది నేను.

వెంటనే పాథాలజీకి వెళ్లలేదు. మధ్యలో నాలుగేళ్లు క్లినిక్‌లో ఉన్నాను. మీరు భయపడుతున్నది దీని గురించే కాబట్టి దాచకుండా చెబుతాను. అక్కడ వైద్యం సగం, మాట సగం. పిల్లికి ఒళ్లు వెచ్చగా ఉందని ప్రేమకొద్దీ పారాసెటమాల్ వేసి తీసుకొస్తారు. ఆ మందును విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. రక్తం ఆక్సిజన్ మోయలేక చిగుళ్లు మట్టిరంగుకి తిరుగుతాయి. ఒక చేత్తో విరుగుడు ఎక్కిస్తూ, "మీరే చేశారు" అన్న మాట నోట రాకుండా, ఏం జరిగిందో వాళ్లకు చెప్పగలగాలి. ముసలి కుక్కను శాశ్వతంగా నిద్రపుచ్చాల్సి వచ్చినప్పుడు చాలామంది ఒకే ప్రశ్న అడుగుతారు: "మీ కుక్కయితే ఏం చేసేవారు?" నాలుగేళ్లలో ఆ ప్రశ్నకు నాకు జవాబు కుదరలేదు. కుదిరిన స్నేహితులున్నారు. వాళ్లు అక్కడే హాయిగా ఉన్నారు.

అయితే చిన్న జంతువుల వైద్యమంటే రిసెప్షన్‌లో కూర్చుని యజమానులతో మాట్లాడటమొక్కటే కాదు. గుండె, కళ్లు, చర్మం, పళ్లు, క్యాన్సర్, నరాలు, ఎమర్జెన్సీ... మనుషులకున్నట్టే అన్నిటికీ స్పెషలిస్టులున్నారు. మీ స్వభావానికి రెండు దగ్గరగా కనబడుతున్నాయి. ఒకటి రేడియాలజీ. ఎక్కడో తీసిన స్కాన్లు ఇంట్లో కూర్చుని చదివి రిపోర్టు రాసేవాళ్లు చాలామంది. రెండోది ఆపరేషన్లకు మత్తిచ్చే వైద్యం. ముక్కు చప్పిడిగా ఉండే జాతి కుక్కకు ఆపరేషన్ అయ్యాక గొంతులో గొట్టం ఎప్పుడు తీయాలన్నది చిన్న విషయంలా ఉంటుంది, కానీ తొందరపడి తీస్తే ఊపిరాడదు. అది పూర్తిగా మేలుకుని గొట్టాన్ని తనే భరించలేనంత వరకు పక్కనే కాచుకుని ఉండే ఓపిక కావాలి. చాలా దేశాల్లో స్పెషలిస్టు అనిపించుకోవడానికి డిగ్రీ తర్వాత ఏడాది ఇంటర్న్‌షిప్, మూడేళ్ల వరకు రెసిడెన్సీ, ఆపైన బోర్డు పరీక్ష ఉంటాయి. చదివే ఓపిక కూడా లెక్కలో వేసుకోండి.

ఇక మంద. ఇరవై వేల కోళ్ల షెడ్డులో ఒక కోడికి జబ్బు చేస్తే ఆ కోడికి వైద్యం చేయరు. నాలుగైదు కోళ్లను కోసి చూసి, నీళ్లు ఎంత తాగుతున్నాయి, గాలి ఎలా ఆడుతోంది, కింద పరిచిన పొట్టు తడిసిందా అని లెక్కలు తీసి మిగతా వాటిని కాపాడతారు. పందులు, చేపల దగ్గరా ఇదే తీరు. నాకిది చేతకాదు, ఒప్పుకుంటాను. ఒక్క ప్రాణం మీద మనసు పెట్టే అలవాటున్నవాళ్లకు మొదటి నెలలోనే ఊపిరాడదు. కానీ అంకెలతో ఆలోచించే బుర్ర ఉంటే ఇంతకంటే ఆసక్తికరమైన పని లేదని అక్కడివాళ్లు అంటారు.

పాథాలజీ గురించి నేను ఎక్కువే చెబుతాను, పక్షపాతం అనుకోండి. 1999లో న్యూయార్క్‌లో కొందరికి మెదడువాపు వచ్చింది. అది సెయింట్ లూయిస్ ఎన్‌సెఫలైటిస్ అనే వైరస్ మెదడువాపు అని అధికారులు ప్రకటించారు. అదే సమయంలో కాకులు రాలిపోతున్నాయి, బ్రాంక్స్ జూలో ఫ్లెమింగోలు చచ్చిపోతున్నాయి. అక్కడి పాథాలజిస్టు ట్రేసీ మెక్‌నమారా పక్షుల మెదళ్లు కోసి చూసి, లెక్క కుదరడం లేదని పట్టుబట్టింది. సెయింట్ లూయిస్ వైరస్ మామూలుగా పక్షుల్ని చంపదు. పోనీ గుర్రాలకొచ్చే ఇంకో మెదడువాపు అనుకుందామంటే, దానికి తేలిగ్గా పడిపోయే ఈమూ పక్షులు జూలో నిక్షేపంగా తిరుగుతున్నాయి. చివరికి అది పశ్చిమార్ధగోళంలో అంతకుముందెన్నడూ కనబడని వెస్ట్ నైల్ వైరస్ అని తేలింది. నాకు ఈ కథలో నచ్చేది మైక్రోస్కోపు కాదు. చచ్చిన ఫ్లెమింగోతో పాటు బతికున్న ఈమూను కూడా లెక్కలోకి తీసుకోవడం.

దక్షిణాసియాలో రాబందులు మాయమైపోతున్నప్పుడు కూడా అంతే. కోసి చూస్తే లోపలి అవయవాల మీద సున్నం చల్లినట్టు యూరిక్ ఆమ్లం. మూత్రపిండాలు దెబ్బతిన్నాయని తెలుసు, ఎందుకన్నది తెలియలేదు. పశువులకు వాడే నొప్పి మందు డైక్లోఫెనాక్, ఆ పశువు కళేబరం తిన్న రాబందును చంపుతోందని లిండ్సే ఓక్స్ అనే పశువైద్యుడి బృందం 2004లో బయటపెట్టింది. 2006లో భారత్, పాకిస్తాన్, నేపాల్ పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించాయి.

ఈ పనిలో మనుషులెక్కడ అంటారా? "గడ్డ అంచుల దాకా పూర్తిగా వచ్చిందా?" అని సర్జన్ ఫోన్ చేస్తారు. "విషం పెట్టారా?" అని యజమాని అడుగుతాడు. ఒక్కోసారి కోర్టుకూ వెళ్లాలి. తేడా ఏంటంటే, వాళ్లు అడిగేసరికి నా దగ్గర స్లైడు (మైక్రోస్కోపులో చూడటానికి పలచగా కోసి గాజుపలక మీద పెట్టిన ముక్క) ఉంటుంది, ఆలోచించుకునే టైము ఉంటుంది. నాకు ఆ వ్యవధి చాలు. బహుశా మీకూ అదే కావాలేమో.

ప్రజారోగ్యం వైపు మీరు అసలు చూసి ఉండరు, చాలామంది చూడరు. కబేళాలో ప్రతి పశువునూ కోతకు ముందు, తర్వాత పరీక్షించేది, పాలలో మందుల అవశేషాలు చూసేది, రేబిస్ టీకా ప్రణాళికలు వేసేది పశువైద్యులే. ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకు టీకా పడితే రేబిస్ గొలుసు తెగుతుంది. ఆ 70 శాతాన్ని ఎలా అందుకోవాలన్నది ఒక కెరీర్‌కు సరిపడా తలనొప్పి. ఇప్పటిదాకా లోకంలోంచి పూర్తిగా పోయిన వైరస్ జబ్బులు రెండే: మశూచి, పశువులకొచ్చే రిండర్‌పెస్ట్. రెండోది పోయిందని 2011లో ప్రకటించారు. వాల్టర్ ప్లౌరైట్ అనే పశువైద్యుడు టీకా తయారుచేస్తే, జెఫ్రీ మారినర్ అనే మరో పశువైద్యుడు దాన్ని ఐస్‌పెట్టె లేకుండా వారాల తరబడి నిలవుండేలా మార్చాడు. అంతటితో పని కాలేదు. ఆఫ్రికాలో రోడ్లు లేని చోట్ల పశువుల కాపరుల్లోంచే మనుషుల్ని ఎంచి టీకాలు వేయడం నేర్పారు. రోగం ఇంకా ఎక్కడ దాక్కుందో కాపరుల్ని అడిగి, వాళ్ల మాట విని పట్టుకున్నారు. నేను తీగతో నేర్చుకున్నది వీళ్లు ముందే గ్రహించారన్నమాట.

మిగతావి గబగబా చెప్పేస్తాను. జూ, అడవి జంతువుల వైద్యం బయటికి కనబడేంత సాహసం కాదు, ఉద్యోగాలు కొన్నే, పోటీ విపరీతం. ఏనుగుకు వాడే ఎటార్ఫిన్ అనే మత్తుమందు పొరపాటున మీ ఒంట్లోకి కొంచెం వెళ్లినా ప్రాణాంతకం కాబట్టి, పక్కన ఒక మనిషి విరుగుడుతో సిద్ధంగా నిలబడతాడు. అక్కడా మనిషే! ప్రయోగశాల జంతువుల వైద్యుడి పని, వీలైతే జంతువు లేకుండా, తప్పదంటే తక్కువ వాటితో, తక్కువ బాధతో ప్రయోగం జరిగేలా చూడటం. మందుల కంపెనీలు, టీకాల తయారీ, బోధన, పరిశోధన ఉన్నాయి. 1996లో వైద్యశాస్త్ర నోబెల్ అందుకున్నవాళ్లలో ఒకరైన పీటర్ డోహెర్టీ చదివింది పశువైద్యమే. అసలు రంగమే మార్చుకుంటానన్నా ఫర్వాలేదు, 1888లో గాలి టైరుకు పేటెంటు తీసుకున్న డన్‌లప్ కూడా పశువైద్యుడే.

ఒక్క మాట నర్సులు, టెక్నీషియన్ల గురించి. డాక్టరు అవ్వకపోతే రెండో రకం అనుకునే అలవాటు మనకుంది. మత్తు, పళ్లు, ఎమర్జెన్సీలో ప్రత్యేక శిక్షణ పొందిన టెక్నీషియన్లు ఉన్నారు. మా ల్యాబులో స్లైడు బాగా కోసే టెక్నీషియన్ సెలవు పెడితే ఆ వారం నా రిపోర్టులన్నీ ఆలస్యమే.

ఇప్పుడే ఏదో ఒకటి తేల్చుకోవాలని కంగారుపడకండి. నేను రెండుసార్లు మారాను, ఆరేళ్ల అనుభవం ఎక్కడా వృథా పోలేదు. ఇంటర్న్‌షిప్‌లో అందరూ సర్జరీ వార్డు దగ్గర గుంపుకడతారు. మీరు రెండు వారాలు పోస్ట్‌మార్టం గదిలో, ఇంకో రెండు వారాలు ప్రజారోగ్య విభాగంలో అడిగి మరీ గడపండి. పోస్ట్‌మార్టం గదికి గమ్‌బూట్లు మీవి మీరే తీసుకెళ్లండి. అక్కడుండేవి ఇంతవరకు ఎవరికీ సరిపోలేదు.