అర్థం కాకపోతే తలూపకండి: జర్మనీకి నర్సింగ్ శిక్షణకు వెళ్తున్న మన పిల్లలకు

ఈసారి దసరాకు మూడు వారాల సెలవు దొరికింది. విజయవాడ పటమటలో మా ఇంటికి చేరిన రెండో రోజు సాయంత్రమే వెనక వీధి పిన్ని కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. అమ్మాయి చేతిలో ప్లాస్టిక్ ఫైలు. అందులో జర్మన్ భాషలో బీ2 స్థాయి పరీక్ష పాసైన సర్టిఫికెట్, ఏప్రిల్ 1న మొదలయ్యే నర్సింగ్ శిక్షణ కాంట్రాక్టు. పిన్ని అడిగినవి తల్లులందరూ అడిగేవే: జీతం ఎంత, వంట ఎలా, చలికి తట్టుకుంటుందా. అమ్మాయి మాత్రం కాఫీ చల్లారిపోయేదాకా నోరు విప్పలేదు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "అక్కా, నాకు పని సరిగ్గా రాక మధ్యలో పంపించేస్తే?" అంది.

గుమ్మంలో నిలబెట్టి జవాబు చెప్పే ప్రశ్న కాదది. మళ్ళీ లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. ఆ రోజు తనకు చెప్పినవే, ఇలాంటి ఫైళ్ళు పట్టుకుని తిరుగుతున్న విజయవాడ, గుంటూరు పిల్లలందరి కోసం రాస్తున్నాను. నేను ఇంటర్ బైపీసీ తర్వాత జర్మన్ నేర్చుకుని 2017లో ఇదే దారిలో వెళ్ళాను. మూడేళ్ళు ట్రైనీగా చేశాను. ఇప్పుడు నూరెంబర్గ్ దగ్గర ఒక ఆసుపత్రిలో ట్రైనీలకు పని నేర్పే నర్సుని. అక్కడ ఈ పని చేసేవాళ్ళను ప్రాక్సిస్ అన్‌లైటర్ అంటారు. మామూలు నర్సు చదువు మీద ఇంకో 300 గంటల శిక్షణ తీసుకుంటేనే ఈ పని ఇస్తారు. అటు ట్రైనీగా ఏడ్చిన రోజులు, ఇటు ట్రైనీల కన్నీళ్ళు తుడిచిన రోజులు, రెండూ నాకు తెలుసు.

ఔస్‌బిల్డుంగ్ అనే ఈ శిక్షణ సగం బడి, సగం కొలువు. 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం మూడేళ్ళలో 2,100 గంటలు తరగతి, 2,500 గంటలు పని. కొన్ని వారాలు బడికి వెళ్తారు, ఆ తర్వాత కొన్ని వారాలు వార్డులో ఉంటారు. ఒకే చోట ఉంచరు. ఆసుపత్రి, వృద్ధాశ్రమం, ఇంటింటికీ వెళ్ళి చేసే సేవ, పిల్లల విభాగం, మానసిక రోగుల విభాగం అన్నీ తిప్పుతారు. ఒక చోట మనుషులు అలవాటయ్యేసరికి ఇంకో చోటికి మారుస్తారు. నాకు అన్నిటికన్నా అలసట తెప్పించింది ఆ మార్పే. పొద్దున షిఫ్ట్ ఆరు గంటలకు మొదలవుతుంది. డిసెంబర్‌లో చీకట్లో వెళ్తారు, బయట ఎనిమిదింటికి గానీ తెల్లవారదు. మధ్యాహ్నం ఇంటికొచ్చి రెండు గంటలు పడుకుంటే లేచేసరికి మళ్ళీ చీకటే. మొదటి చలికాలం చాలామంది దిగులుపడతారు. ఖాళీ దొరికిన మధ్యాహ్నాలు పడుకోకుండా వెలుతురున్నంత సేపు బయట నడవండి.

కష్టం గురించి నేను పెద్దగా భయపెట్టను. మన కాలేజీ హాస్టళ్ళలో తెల్లవారుజామున లేచి, స్టడీ అవర్లలో కూర్చుని, వారం వారం ర్యాంకులు చూసుకున్నవాళ్ళం. గంటల తరబడి పని చేయడం మనకు కొత్త కాదు. మనకు కొత్త ఏమిటంటే, పెద్దవాళ్ళ మొహం మీద "నాకు అర్థం కాలేదు" అనడం. నేను దెబ్బ తిన్నది అక్కడే.

చేరి రెండో నెల. షిఫ్ట్ మారేటప్పుడు రాత్రి డ్యూటీ నర్సు ఒక్కొక్క రోగి గురించి చకచకా చెప్పుకుపోతుంది. అప్పగింత అన్నమాట. కిటికీ పక్క మంచం మీది పెద్దాయన గురించి ఏదో చెప్పి, నా వైపు చూసి, ఆయన "న్యూష్టర్న్" అంది. ఆ మాట నాకు తెలియదు. బీ2 పాసయ్యాను, పేపర్లో వ్యాసాలు చదవగలను, ఆ మాట మాత్రం ఎక్కడా తగల్లేదు. నలుగురు నర్సులు నిలబడి ఉన్నారు, అందరూ తొందరలో ఉన్నారు. తలూపాను. ఏడున్నరకు ట్రాలీ తోసుకుంటూ వెళ్ళి ఆయన ముందు బ్రెడ్డు, వెన్న, జామ్, కాఫీ పెట్టాను. రాత్రి నుంచి ఏమీ తినలేదేమో, ఎంత ఇష్టంగా తిన్నాడో! మధ్యలో నా చేయి పట్టుకుని థాంక్స్ కూడా చెప్పాడు.

పదింటికి ఆయనకు ఎండోస్కోపీ ఉంది. న్యూష్టర్న్ అంటే పరగడుపు.

పరగడుపున మాత్ర వేసుకో, పరగడుపున రక్తం ఇవ్వాలి అని మా అమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో. ఆ మాటకు అక్కడి మాట తెలియకపోవడం తప్పు కాదు. తెలిసినట్టు తలూపడం తప్పు. పరీక్ష మర్నాటికి వాయిదా పడింది. ఆ ముసలాయన ఇంకో రాత్రి, ఇంకో పొద్దున కడుపు మాడ్చుకున్నాడు. నాకు నేర్పే నర్సు నన్ను మందుల గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. తిడుతుందనుకున్నాను. "పొద్దున నీకు ఆ మాట అర్థమైందా?" అని మాత్రం అడిగింది. నేను మళ్ళీ తలూపాను! ఆమె ఇంకోసారి అదే ప్రశ్న, అదే గొంతుతో అడిగింది. అప్పుడు ఏడుపొచ్చింది, లేదని చెప్పాను. "ఈ లేదు అన్న మాట పొద్దున ఆరింటికి చెప్పి ఉంటే మూడు సెకన్ల పని" అంది. జేబులో పెట్టుకునే చిన్న నోట్‌బుక్ ఒకటి ఇచ్చింది. అందులో నా మొదటి మాట న్యూష్టర్న్. ఎదురుగా తెలుగులో పరగడుపు అని రాసుకున్నాను.

మన దగ్గర మేడమ్ చెప్తుంటే మధ్యలో అడ్డు తగలడం మర్యాద కాదు. "ఆ, ఆ" అంటూ వింటే వినయం. అక్కడ మీరు తలూపితే ఒకటే అర్థం: నాకు తెలిసింది, నేను చేస్తాను, బాధ్యత నాది. ఇన్సులిన్ ఎన్ని యూనిట్లో, ఎవరు నీళ్ళు తాగకూడదో, ఎవరు ఒంటరిగా లేవకూడదో, అన్నీ ఆ తల ఊపు మీదే ఆధారపడతాయి. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ట్రైనీలకు మొదటి రోజే ఒక అలవాటు చేయిస్తాను. ఏ పని చెప్పినా వాళ్ళ మాటల్లో నాకు తిరిగి చెప్పాలి. "పన్నెండో గదిలో ఆవిడకు లేవడానికి ఇద్దరం సాయం పట్టాలి, పదకొండింటికి బీపీ చూడాలి, అంతేనా?" అని. జర్మన్‌లో చివర "హాబె ఇష్ దాస్ రిష్టిగ్ ఫెర్‌ష్టాండెన్" అని కలపండి. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానా అని. ఈ ఒక్క వాక్యం విమానం ఎక్కేలోపు నిద్రలో లేపి అడిగినా వచ్చేట్టు నేర్చుకోండి. దీనివల్ల మిమ్మల్ని ఎవరూ తక్కువగా చూడరు. నేను ట్రైనీల మీద రిపోర్టు రాసేటప్పుడు అడిగినవాళ్ళకే ఎక్కువ మార్కులు పడతాయి, ఎందుకంటే వాళ్ళను రోగి దగ్గర వదిలి పక్క గదికి వెళ్ళగలను.

ఇంకో సంగతి ఇక్కడ ఎవరూ చెప్పి పంపరు. మన ఆసుపత్రుల్లో ఒళ్ళు తుడవడం, బెడ్‌ప్యాన్ పెట్టడం ఆయాలో, రోగి తాలూకు మనుషులో చేస్తారు. అక్కడ అది నర్సు పని, అందులోనూ ట్రైనీ మొదట నేర్చుకునేది అదే. తెల్లకోటు, ఇంజక్షన్లు ఊహించుకుని వచ్చినవాళ్ళు మొదటి వారం గదికెళ్ళి ఏడుస్తారు. "ఇందుకా అమ్మ గాజులు కుదువ పెట్టింది" అని ఒక అబ్బాయి నా ముందే అన్నాడు. నేను వాడిని మర్నాడు నాతో ఒక పెద్దావిడ గదికి తీసుకెళ్ళాను. గోరువెచ్చని నీళ్ళు ముందు ఆవిడ చేతికి తాకించి "ఈ వేడి సరిపోతుందా" అని అడిగాం. మొహానికి సబ్బు లేకుండా, కళ్ళు తుడిచేటప్పుడు గుడ్డ మడత మారుస్తూ తుడిచాం. కడిగిన భాగం ఆరగానే దుప్పటి కప్పి ఇంకో భాగం తీశాం. ఒక్క క్షణం కూడా ఆవిడ ఒళ్ళంతా బయటపడలేదు. కాలివేళ్ళ సందులు పొడిగా తుడుస్తుంటే వాడే చూశాడు, మడమ మీద రూపాయి బిళ్ళంత ఎరుపు. వేలితో నొక్కితే తెల్లబడలేదు. బెడ్‌సోర్, అంటే కదలకుండా పడుకున్నవాళ్ళకు ఒత్తిడి వల్ల పడే పుండు, మొదలవుతోంది. డాక్టరు రౌండ్స్‌కి రాకముందే, యంత్రమేదీ చెప్పకముందే పసిగట్టింది ఆ అబ్బాయి. మడమ పరుపుకు తగలకుండా పైకి లేపి పెట్టాం. వాడు మళ్ళీ గాజుల మాట ఎత్తలేదు.

ఇప్పుడు గుమ్మం దగ్గర ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న. పంపించేస్తారా? మొదటి ఆరు నెలలు ప్రొబేషన్. ఆ ఆరు నెలల్లో ఆసుపత్రివాళ్ళయినా, మీరయినా కారణం చెప్పకుండా ఆపేయవచ్చు. ఆ తర్వాత గట్టి కారణం లేకుండా వాళ్ళు తీసేయలేరు. మీకు నచ్చకపోతే నాలుగు వారాల ముందు రాసిచ్చి మానేయవచ్చు. మీ తప్పు లేకుండా శిక్షణ ఆగిపోతే వెంటనే విమానం ఎక్కించరు. ఇంకో చోట వెతుక్కోవడానికి ఆరు నెలల దాకా గడువు ఇచ్చే వీలు చట్టంలోనే ఉంది. ఈ సంగతి తెలియక, చేదు మాటలు పడుతూ, ఎవరికీ చెప్పుకోకుండా నలిగిపోయిన పిల్లల్ని చూశాను. బడిలో టీచర్‌కు చెప్పండి, ట్రైనీల తరఫున ఎన్నికైన ప్రతినిధి ఉంటే వాళ్ళకు చెప్పండి. మీకు పని నేర్పడం కూడా ఆసుపత్రి బాధ్యతే. వార్డులో మీరు చేసే గంటల్లో కనీసం పదో వంతు నాలాంటివాళ్ళు పక్కన ఉండి నేర్పాలని చట్టం. అది జరగకుండా రోజంతా ట్రేలు మోయిస్తుంటే తేదీలతో రాసి పెట్టుకుని అడగండి.

సెలవుల విషయం అమ్మానాన్నలకు ఇప్పుడే చెప్పి ఉంచండి. ఏడాది మొదట్లోనే సెలవుల తేదీలు ఖరారవుతాయి, బడి వారాల్లో ఇవ్వరు. జబ్బు చేసి పడుకున్న రోజులు కూడా తరగతి గంటల్లో పది శాతం, పని గంటల్లో పది శాతం దాటితే పరీక్షకు ఇబ్బంది. అక్క పెళ్ళికి ముహూర్తం పెట్టేముందు మీకు ఫోన్ చేయమనండి. నేను మా అన్నయ్య పెళ్ళి వీడియో కాల్‌లో చూశాను, షిఫ్ట్ అయ్యాక, బట్టలు మార్చుకునే గదిలో.

పిన్నికి జీతం గురించి చెప్పింది ఇది. ప్రభుత్వ రంగ వేతన ఒప్పందం పాటించే చోట 2025 ఏప్రిల్ లెక్క ప్రకారం మొదటి ఏడాది ట్రైనీకి నెలకు సుమారు 1,415 యూరోలు ఉండేది. బీమా, పెన్షన్ కింద దాదాపు ఐదో వంతు పోతుంది. మిగిలిన దాంట్లో గది అద్దె, తిండి, రైలు పాస్. జాగ్రత్తగా ఉంటే బతకవచ్చు, ఇంటికి నెలనెలా పెద్ద మొత్తం పంపడం మొదటి మూడేళ్ళూ కుదరదు. ఇందుకే లక్షల అప్పు చేసి వెళ్ళకండి అంటున్నాను. నర్సింగ్ శిక్షణకు అక్కడ ఫీజు లేదు, పుస్తకాలు కూడా యాజమాన్యమే ఇవ్వాలి. బెంజి సర్కిల్ నుంచి గుంటూరు బ్రాడీపేట దాకా జర్మనీకి పంపిస్తామనే బోర్డులు చాలా ఉన్నాయి. ఎవరైనా "సీటు" కోసం డబ్బు అడిగితే అది దేనికో కాగితం మీద రాసివ్వమనండి. భాష క్లాసుకు, పరీక్షకు, వీసాకు అయ్యే ఖర్చు ఒక లెక్క. కాంట్రాక్టుకు ఖరీదు కట్టడం వేరే లెక్క. పనికి పంపిస్తామనే ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో ఉందో లేదో చూసుకోండి.

బీఎస్సీ నర్సింగ్ అయిపోయినవాళ్ళు ఈ మూడేళ్ళ శిక్షణలో మళ్ళీ చేరొద్దు. మీ డిగ్రీని అక్కడ గుర్తింపు చేయించుకునే దారి వేరే ఉంది. తేడా ఉన్న సబ్జెక్టులకు కొంతకాలం శిక్షణో, ఒక పరీక్షో పెట్టి నర్సుగా తీసుకుంటారు. ఎవరైనా మిమ్మల్ని ట్రైనీగా తోస్తుంటే ఎందుకని నిలదీయండి.

అంతా విన్నాక ఆ అమ్మాయి ఫైలు మళ్ళీ తెరిచింది. కాగితాలన్నీ వరసగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. తట్టు టీకాలు రెండూ వేయించుకున్నట్టు, లేదా ఒంట్లో ఆ రక్షణ ఉన్నట్టు రుజువు లేకుండా జర్మన్ ఆసుపత్రిలో పనికి అడుగు పెట్టనివ్వరు. 2020 మార్చి నుంచి అది చట్టం. "చిన్నప్పటి టీకా కార్డు ఉందా పిన్నీ?" అన్నాను. పిన్ని కాసేపు ఆలోచించి, పాత ఇంటి నుంచి మారినప్పుడు బీరువాలో పెట్టిన గుర్తు అంది. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసింది. కార్డు దొరికింది, రెండో టీకా గడి ఖాళీగా ఉంది. మర్నాడు పొద్దున డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆ టీకా వేయించుకుని, తేదీ, ముద్ర, సంతకం ఇంగ్లీషులో రాయించుకున్నారు.