హైదరాబాద్‌లో ఇంట్లో చేసుకున్న స్మోకర్‌తో చేప, చీజ్ కోల్డ్ స్మోక్ చేయొచ్చా?

చీజ్‌కైతే డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో చేయొచ్చు, చేపకీ మాంసానికీ మాత్రం ఇంటి డబ్బా స్మోకర్ వద్దు. కోల్డ్ స్మోకింగ్‌లో పొగ తగులుతుంది తప్ప వేడి తగలదు, పెట్టె లోపల సుమారు 30 డిగ్రీలు దాటకూడదు. అంటే పెట్టిన ముక్క గంటల తరబడి పచ్చిగానే ఉంటుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బాక్టీరియా హాయిగా పెరుగుతుంది. మే నెలలో మన మేడ మీద మధ్యాహ్నం 40 డిగ్రీలు, నిప్పు రాజేయకముందే లెక్క తప్పినట్టే.

చీజ్ సంగతి చూడండి. అట్టపెట్టెలో పైన జాలీ మీద చీజ్ దిమ్మ, అడుగున ఇటుక మీద చిల్లులు పొడిచిన రేకు డబ్బా, అందులో గుప్పెడు మామిడి రంపపు పొట్టు. మంట రాకూడదు, అగరుబత్తిలా సన్నగా రాజుకోవాలి. (ప్లైవుడ్ పొట్టు వద్దు, అందులో జిగురు ఉంటుంది.) ఆరుబయట పెట్టి, పక్కనే ఉండాలి. రెండు గంటలు చాలు. వెంటనే తింటే బూడిద నాకినట్టుంటుంది, చుట్టి వారం ఫ్రిజ్‌లో ఉంచితే రుచి దారికొస్తుంది.

చాలామంది పొగబెడితే చేప పాడవదనుకుంటారు. నిలవ ఉంచేది ప్రధానంగా ఉప్పూ, ఎండబెట్టడమూ. పొగ పనిచేసేది పైపొర మీదే. పైగా బొటులిజం (ప్రాణాల మీదికి తెచ్చే ఆహార విషం) తెచ్చే బాక్టీరియా గాలి చొరని వాక్యూమ్ కవర్లో కూడా పెరగగలదు, వాసన చూసి పట్టుకోలేం. కొరమీనుకు పొగ వాసనే కావాలంటే, ముక్క బాగా ఉడికాక గిన్నెలో నిప్పు కణిక పెట్టి, నెయ్యి చుక్క వేసి మూత పెట్టేయండి.